మూలప్రతి నుంచి ప్రత్యంతరానికి: క్రాష్ సిమ్యులేషన్ నమూనా ఫైళ్లను తెరవడం, మార్చడం – ఒక వివరణ

పరిశోధన సారాంశం:

వాహనం గోడనో, మరో వాహనాన్నో ఢీకొన్నప్పుడు దాని భాగాలు ఎలా వంగుతాయో, ఎంత నలుగుతాయో కంప్యూటరులో ముందుగా లెక్కగట్టే పద్ధతిని క్రాష్ సిమ్యులేషన్ అంటారు. దీనికి ఆధారమైన నమూనా ఫైలు నిజానికి ఒక లిఖిత పాఠం. ఒక సాఫ్ట్‌వేర్ కోసం రాసిన ఈ పాఠాన్ని మరో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు వాహన ఆకారం తేలికగానే దాటుతుంది. లోహ గుణాలు, భాగాల మధ్య సంబంధాలు, కొలమానాలు మాత్రం దారిలో జారిపోయే అవకాశం ఉంది. ఈ నష్టాన్ని గుర్తించడానికి తెలుగు పాఠపరిష్కరణ శాస్త్రంలోని గ్రంథపాతం, ప్రక్షిప్తం, లేఖక దోషం వంటి పరిభాష ఎంతవరకు ఉపకరిస్తుందో పరిశీలించడం, కర్నూలు, కడప ప్రాంతాల ఇంజనీరింగ్ విద్య సందర్భంలో ఈ విషయాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: క్రాష్ సిమ్యులేషన్, నమూనా ఫైలు, మార్పిడి, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, కొలమానాలు, రాయలసీమ, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక విషయాలను తెలుగులో చెప్పాలన్నప్పుడు చర్చ తరచుగా పదాల దగ్గరే ఆగిపోతుంది. ఏ ఆంగ్ల పదానికి ఏ తెలుగు పదం పెట్టాలన్నది ముఖ్యమే. అయితే ఒక సాంకేతిక ప్రక్రియలోని ఆలోచనకు దీటైన ఆలోచన మన శాస్త్ర సంప్రదాయంలో ఉందా అన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న. అలాంటి ఆలోచన దొరికితే దానికి తగిన పదాలు కూడా వెంట వస్తాయి.

2021-22 విద్యాసంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చింది. ఆంగ్ల మాధ్యమంలో చదివే విద్యార్థులు కూడా ప్రయోగశాలలో తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా తెలుగులోనే. కాబట్టి ఒక సాంకేతిక ప్రక్రియను మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తెలుగులో వివరించే వ్యాసాల అవసరం ఉంది. అందుకు ఉదాహరణగా క్రాష్ సిమ్యులేషన్ నమూనా ఫైళ్లను తెరవడం, మార్చడం అనే అంశాన్ని ఇక్కడ ఎంచుకున్నాను. వివరణాత్మక, తులనాత్మక పద్ధతులను అనుసరించాను.

ఈ ఎంపికకు ప్రాంతీయ కారణమూ ఉంది. హైదరాబాదు–బెంగళూరు మార్గమైన 44వ జాతీయ రహదారి కర్నూలు మీదుగా పోతుంది. కర్నూలు నుంచి నంద్యాల, కడప, రాయచోటి మీదుగా 40వ జాతీయ రహదారి సాగుతుంది. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి సమీపంలోని మాదార్‌పురం వద్ద ఒక మినీబస్సు లారీని ఢీకొన్న ప్రమాదంలో 14 మంది మరణించారు. ఈ రోడ్ల మీద ప్రయాణించే వాహనాల పటిష్ఠతను ముందుగా పరీక్షించే విద్య ఈ ప్రాంతపు విద్యార్థులకు దూరపు విషయమేమీ కాదు.

2. క్రాష్ సిమ్యులేషన్ – పుట్టుక, పనితీరు:

1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ ‘డైనా త్రీడీ’ అనే ప్రోగ్రామును రూపొందించారు. ఆయుధాలు నేలను తాకినప్పుడు వాటి నిర్మాణంలో వచ్చే మార్పులను లెక్కించడం దాని తొలి ప్రయోజనం. 1987లో ఆయన స్థాపించిన సంస్థ ద్వారా అది ‘ఎల్‌ఎస్-డైనా’గా వాణిజ్య రూపం పొందింది. 2019లో ఆ సంస్థను ఆన్సిస్ కొనుగోలు చేసింది. ఫ్రాన్సులో ఇదే కాలంలో ఇ.ఎస్.ఐ. సంస్థ ‘పామ్-క్రాష్’ను, మెకాలాగ్ సంస్థ ‘రాడియోస్’ను అభివృద్ధి చేశాయి. 1980ల మధ్యలో ఫోక్స్‌వాగన్ పోలో కారు మొత్తాన్ని నమూనాగా తీసుకొని, అది ముందువైపు నుంచి గోడను ఢీకొనడాన్ని లెక్కించడం ఈ రంగంలో ఒక మైలురాయి.

ఈ ప్రోగ్రాములన్నింటి మూలసూత్రం ఒకటే. కారు శరీరాన్ని చిన్న చిన్న పలకలుగా విభజిస్తారు. ఒక్కో పలకను ఎలిమెంట్ అని, పలకల మూలల్లో ఉండే బిందువులను నోడ్లని, ఈ అల్లిక మొత్తాన్ని మెష్ అని అంటారు. మెష్‌ను చేపలవలతో పోల్చవచ్చు. వలలోని ముడులు నోడ్లు, ముడుల మధ్య గళ్లు ఎలిమెంట్లు. ఒక ముడిని లాగితే పక్క ముడులు కదిలినట్టే, ఒక నోడ్ మీద పడిన బలం పక్క నోడ్లకు పాకుతుంది.

ఈ పాకడాన్ని అతి చిన్న కాలఖండాలుగా లెక్కగడతారు. ఉక్కులో కంపనం సెకనుకు సుమారు 5,000 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అంటే 5 మిల్లీమీటర్ల పలకను దాటడానికి దానికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతు. లెక్కలోని ఒక్కో అడుగు అంతకు మించకూడదు. కారు గోడను తాకి, నలిగి, వెనక్కు తగ్గే ఘటన మొత్తం 120 మిల్లీసెకన్లలో ముగుస్తుందనుకుంటే, అందుకు సుమారు 1,20,000 అడుగుల లెక్క అవసరం. ప్రతి అడుగులోనూ లక్షల కొద్దీ నోడ్ల స్థానాలు మారుతూ ఉంటాయి.

3. నమూనా ఫైలు – ఒక లిఖిత పాఠం:

ఇంత లెక్కకు ఆధారమైన ఎల్‌ఎస్-డైనా ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే కనిపించేది చిత్రం కాదు, పాఠం. నక్షత్రపు గుర్తుతో మొదలయ్యే ప్రతి పంక్తీ ఒక శీర్షిక. దీన్నే కీవర్డ్ అంటారు. ‘నోడ్’ శీర్షిక కింద బిందువుల స్థానాలు, ‘ఎలిమెంట్’ కింద పలకల వివరాలు, ‘సెక్షన్’ కింద మందం, ‘మ్యాట్’ కింద లోహ గుణాలు, ‘కాంటాక్ట్’ కింద ఏ భాగం దేనిని తాకవచ్చునో తెలిపే నియమాలు ఉంటాయి. ‘పార్ట్’ శీర్షిక పలకలను, మందాన్ని, లోహాన్ని ఒకచోట ముడివేస్తుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే పంక్తులు వ్యాఖ్యలు. లెక్కించే ప్రోగ్రాము వాటిని పట్టించుకోదు. చదివే మనిషికి మాత్రం అవే దారిదీపాలు.

ఈ ఫైలులోని పంక్తిని నేటికీ ‘కార్డు’ అనే పిలుస్తారు. ఒకప్పుడు కంప్యూటరుకు సమాచారం అందించిన 80 నిలువు వరుసల చిల్లుల అట్టముక్క నుంచి వచ్చిన పేరు అది. అట్టముక్క పోయినా పేరూ, కొలతా మిగిలాయి. సాధారణంగా ఒక కార్డులో 10 అక్షరాల వెడల్పున్న 8 గదులు ఉంటాయి. అంకెకు అర్థం అది ఉన్న గదిని బట్టి వస్తుంది. లోహ గుణాల కార్డులో మొదటి గది గుర్తింపు సంఖ్యది, రెండవది సాంద్రతది, మూడవది స్థితిస్థాపక గుణకానిది. పద్యపాదంలో యతిస్థానం అక్షర స్థానాన్ని బట్టి నిర్ణయమైనట్టే ఇక్కడా స్థానానికే ప్రాధాన్యం.

స్థానం తప్పితే ఏమవుతుంది? ఉక్కు సాంద్రత ఘన మిల్లీమీటరుకు 0.00000785 కిలోగ్రాములు. దీన్ని ఫైలులో 7.85 పక్కన పది ఘాతాన్ని సూచించే అక్షరం, ఆపై ‘-06’ చేర్చి క్లుప్తంగా రాస్తారు. ఈ సంఖ్య తన గది చివరి అంచు వరకు ఉన్నప్పుడు ఎవరైనా పొరపాటున దాని ముందు ఒక ఖాళీ చేర్చితే చివరి 6 పక్క గదిలోకి జరుగుతుంది. మిగిలింది ‘-0’. పది ఘాతం సున్నా అంటే ఒకటి. అంటే సాంద్రత 7.85 అవుతుంది, అసలు విలువకు పది లక్షల రెట్లు. తాళపత్ర లేఖకుని చేతిలో ఒక అక్షరం జారినట్టే ఇదీ జారింది. దీనిని లేఖక దోషం అనడం సముచితం. ఇటువంటి ఫైళ్లను వర్డ్ ప్రాసెసర్‌లో తెరిచి భద్రపరచకూడదనడానికీ, ఖాళీల స్థానంలో ట్యాబ్ వాడకూడదనడానికీ కారణం ఇదే.

4. తెరవడంలో ఎదురయ్యే సమస్యలు:

4.1. తెరవడం, దిగుమతి చేసుకోవడం: హైపర్‌మెష్, అన్సా వంటి సాఫ్ట్‌వేర్లు నమూనాను తయారుచేయడానికీ, దిద్దడానికీ ఉపయోగపడతాయి. వాటికి తమవైన ఫైలు రూపాలు ఉన్నాయి. హైపర్‌మెష్‌లో ‘ఓపెన్’ అనే ఆదేశం దాని సొంత ఫైళ్లకు సంబంధించినది. ఎల్‌ఎస్-డైనా ఫైలును అందులోకి తేవాలంటే ముందుగా ఎల్‌ఎస్-డైనా ప్రొఫైల్‌ను ఎంచుకొని, ఆ తరువాత ‘ఇంపోర్ట్’ ద్వారా సాల్వర్ డెక్‌గా దిగుమతి చేసుకోవాలి. ప్రొఫైల్ తప్పుగా ఉంటే పాఠం సరైనదైనా చదివే తీరు తప్పుతుంది. అను ఫాంటులో టైపు చేసిన పాత తెలుగు ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించడం మనందరికీ తెలిసినదే. అక్షరాలు చెడలేదు, చదవడానికి కావలసిన తాళంచెవి మారింది.

4.2. గ్రంథపాతం: పెద్ద నమూనాను ఒకే ఫైలులో రాయరు. ఇంజను, తలుపులు, సీట్లు, చక్రాలు వేర్వేరు ఫైళ్లలో ఉండి, ప్రధాన ఫైలు ‘ఇన్‌క్లూడ్’ శీర్షికతో వాటిని పిలుస్తుంది. ప్రధాన ఫైలును మాత్రమే నకలు చేసుకొని తెస్తే తలుపులు లేని కారు కనిపిస్తుంది, లేదా అసలు ఏమీ కనిపించదు. విండోస్‌లో పనిచేసిన ఫైలు పేరు లైనక్స్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా వల్ల దొరకకపోవచ్చు. ప్రాచీన గ్రంథాలలో కొన్ని పత్రాలు లోపించిన చోట పరిష్కర్తలు ‘ఇక్కడ గ్రంథపాతం’ అని గుర్తుపెడతారు. దిగుమతి ముగిశాక సాఫ్ట్‌వేర్ ఇచ్చే సందేశాల జాబితాలో దొరకని ఫైళ్ల పేర్లు ఉన్నాయేమో చూడటం అటువంటి పనే.

4.3. తెలియని శీర్షికలు: ఫైలు కొత్త సంచికది, సాఫ్ట్‌వేర్ పాతది అయినప్పుడు కొన్ని కీవర్డ్‌లను అది గుర్తించదు. గుర్తించని కార్డులను హైపర్‌మెష్ పాఠంగానే విడిగా ఉంచుతుంది. అవి చిత్రంలో కనిపించవు, కాని నమూనాలో భాగమే. వాటిని అనవసరమని తొలగిస్తే నమూనా నియమాలలో కొన్ని మాయమవుతాయి.

4.4. ఫలితాన్ని మూలంగా భ్రమించడం: లెక్క ముగిశాక ఎల్‌ఎస్-డైనా ‘డీత్రీప్లాట్’ అనే పేరుతో ఫలితాల ఫైళ్లను ఇస్తుంది. అవి టెక్స్ట్ రూపంలో ఉండవు. ఎల్‌ఎస్-ప్రీపోస్ట్ వంటి సాధనంలో వాటిని చూడవచ్చు. వాటి నుంచి మూల నమూనాను యథాతథంగా తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. ప్రదర్శనను చూసి నాటక పాఠాన్ని పూర్తిగా తిరిగి రాయలేకపోవడం వంటిదిది.

5. మార్పిడి – దాటేవి, దాటనివి:

ఎల్‌ఎస్-డైనా ఫైలును రాడియోస్‌కో, అబాకస్‌కో మార్చడమంటే ఒక భాషలోని పాఠాన్ని మరో భాషలోకి అనువదించడం. ఇందులో మూడు అంతస్తులు ఉన్నాయి.

మొదటిది ఆకారం. నోడ్ల స్థానాలు, పలకల కూర్పు దాదాపుగా నష్టం లేకుండా దాటుతాయి. మార్పిడి ముగిసిన వెంటనే తెర మీద కారు సరిగ్గా కనిపించడానికి కారణం ఇదే. చాలామంది ఇక్కడితో పని పూర్తయిందనుకుంటారు.

రెండవది స్వభావం. ఎల్‌ఎస్-డైనాలో ఉక్కు రేకులకు విరివిగా వాడే 24వ సంఖ్య లోహ నమూనాకు రాడియోస్‌లో 36వ సంఖ్య నియమం దగ్గరి సమానార్థకం. రెండూ లోహం సాగినకొద్దీ దాని ప్రతిఘటన ఎలా మారుతుందో వక్రరేఖ రూపంలో తీసుకుంటాయి. అయితే లోహాన్ని వేగంగా సాగదీసినప్పుడు అది మరింత గట్టిగా ప్రవర్తించే గుణాన్ని, అది తెగిపోయే స్థితిని రెండు ప్రోగ్రాములూ ఒకే తీరులో నమోదు చేయవు. పర్యాయపదాలకు అర్థచ్ఛాయలో తేడా ఉన్నట్టే ఇక్కడా తేడా ఉంటుంది. ఎంత బలానికి ఏ భాగం ముడతపడుతుందన్న ఫలితం ఆ ఛాయను బట్టి మారవచ్చు.

మూడవది సంబంధం. ఏ భాగం దేనిని తాకుతుంది, తాకినప్పుడు ఎంత ఘర్షణ ఉంటుంది, రెండు రేకులు ఏ వెల్డింగు బిందువుల వద్ద అతుక్కొని ఉన్నాయి అన్న సమాచారం ఈ అంతస్తుకు చెందినది. వెల్డింగు బిందువును ఎల్‌ఎస్-డైనాలో తరచుగా ప్రత్యేక లోహ గుణమున్న చిన్న కడ్డీగా చూపి, దాన్ని రెండు రేకులకూ ‘టైడ్ కాంటాక్ట్’తో బంధిస్తారు. రాడియోస్‌లో అదే పనిని స్ప్రింగు ఎలిమెంటుతో, మరో తరహా బంధనంతో చేస్తారు. మార్పిడిలో ఒక బంధనం జారిపోతే రేకులు పక్కపక్కనే ఉంటాయి, చిత్రం చెక్కుచెదరదు, కాని ఢీకొన్న మరుక్షణం అవి విడిపోతాయి. వాక్యంలో పదాలన్నీ ఉండి విభక్తి ప్రత్యయాలు రాలిపోయిన స్థితి ఇది. రాముడు, రావణుడు, చంపడం అన్న మూడు మాటలూ ఉన్నాయి. ఎవరు ఎవరిని చంపారో తెలియదు.

జారిపోవడంతో పాటు, మూలంలో లేనిది వచ్చి చేరే ప్రమాదమూ ఉంది. లక్ష్య సాఫ్ట్‌వేర్ కోరిన ఒక విలువ మూలంలో లేకపోతే మార్పిడి సాధనం తన సహజ విలువను నింపుతుంది. ఆ విలువ మూల రచయితది కాదు. మన పరిభాషలో ఇది ప్రక్షిప్తం. లోపించినదాన్ని గుర్తించడం కంటే ఇమిడిపోయిన ప్రక్షిప్తాన్ని గుర్తించడం కష్టమన్నది పద్యకావ్యాల పరిష్కర్తలకు తెలిసిన సత్యమే. ఇంజనీరుకూ అది వర్తిస్తుంది.

6. కొలమానాలు లేని సంఖ్యలు:

పై మూడు అంతస్తుల్లో ఎక్కడా కనిపించని సమస్య కొలమానాలది. రాడియోస్ ఫైలు ఆరంభంలో కొలమానాలను ప్రకటించే చోటు ఉంది. ఎల్‌ఎస్-డైనా లెక్క మాత్రం కొలమానాలను ఎరుగదు, సంఖ్యలనే ఎరుగుతుంది. ఒక పాత దస్తావేజులో ధాన్యం ‘నాలుగు’ అని మాత్రమే ఉంటే అవి సోలలో, మానికలో, కుంచాలో నిర్ణయించడానికి సందర్భం తెలియాలి. ఇక్కడి సంఖ్యల స్థితీ అదే.

వాహన రంగంలో రెండు కొలమాన పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

(అ) మిల్లీమీటరు, మిల్లీసెకను, కిలోగ్రాము పద్ధతి: ఉక్కు సాంద్రత 0.00000785, స్థితిస్థాపక గుణకం 210 గిగాపాస్కళ్లు, గంటకు 56 కిలోమీటర్ల వేగం 15.56గా నమోదవుతుంది.

(ఆ) మిల్లీమీటరు, సెకను, టన్ను పద్ధతి: ఉక్కు సాంద్రత 0.00000000785, స్థితిస్థాపక గుణకం 2,10,000 మెగాపాస్కళ్లు, అదే వేగం 15,556గా నమోదవుతుంది.

మొదటి పద్ధతిలోని వేగాన్ని రెండవ పద్ధతిలోని నమూనాకు అంటగట్టామనుకుందాం. 15.56 అన్న సంఖ్య అక్కడ సెకనుకు 15.56 మిల్లీమీటర్లు అవుతుంది. కారు చీమ నడకతో గోడను తాకుతుంది. రేకు నలగదు, తలుపు వంగదు, లోపలి మానవాకృతి బొమ్మకు దెబ్బ తగలదు. కంప్యూటరు ఎటువంటి దోషాన్నీ ప్రకటించదు. తెర మీద కనిపించేది అత్యంత సురక్షితమైన కారు. ఫైలు తెరుచుకోకపోతే వెంటనే తెలుస్తుంది. తెరుచుకొని తప్పు చెప్పే ఫైలే అసలు ప్రమాదం.

7. సరిచూసే క్రమం:

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చారు. అక్కడి తన బంగళాలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి చెందిన పలు తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి చూసి, శుద్ధప్రతులను రాయించారు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో రూపుదిద్దుకున్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది. ప్రతిని నమ్మే ముందు పోల్చాలన్నది ఆ కృషిలోని మౌలిక సూత్రం. క్రాష్ నమూనాకు దాన్ని ఇలా అన్వయించవచ్చు.

1. లెక్కింపు: మూలంలో ఎన్ని నోడ్లు, ఎలిమెంట్లు, పార్టులు, కాంటాక్టులు ఉన్నాయో, మార్చిన ఫైలులో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన రాయాలి. తేడా ఉన్న ప్రతిచోటా కారణం తెలియాలి.

2. తూకం: నమూనా మొత్తం బరువునూ, గురుత్వ కేంద్రం స్థానాన్నీ రెండింటిలోనూ చూడాలి. ఏ మందమో, సాంద్రతో తప్పితే బరువులో బయటపడుతుంది.

3. తొలి గతిశక్తి: 1,100 కిలోగ్రాముల కారు గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి సుమారు 1,33,000 జౌళ్లు. మొదటి కొలమాన పద్ధతిలో ఇదే సంఖ్య కనిపించాలి. రెండవ పద్ధతిలో దానికి వెయ్యి రెట్లు కనిపించాలి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం తెలిసిన విద్యార్థి కాగితం మీద చేయగల ఈ లెక్క కొలమానాల తప్పును ఒక్క నిమిషంలో పట్టిస్తుంది.

4. శక్తి సమతుల్యం: గుద్దుకున్న తరువాత గతిశక్తి తగ్గి, లోహం నలగడంలో ఇమిడే అంతర్గత శక్తి పెరగాలి. మొత్తం శక్తి దాదాపు స్థిరంగా ఉండాలి. పలకలు లెక్కలోని లోపం వల్ల అసహజంగా మెలికలు తిరిగే ‘అవర్‌గ్లాస్’ శక్తి అంతర్గత శక్తిలో 10 శాతానికి లోపే ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం.

5. చిన్న పరీక్ష: పూర్తి కారును నడపక ముందు, ఒకే లోహపు పట్టీని రెండు సాఫ్ట్‌వేర్లలోనూ సాగదీసి ఫలితాలను పోల్చాలి. స్వభావం అనే రెండవ అంతస్తులోని తేడాలు ఇక్కడ తేలుతాయి.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. తాళపత్ర పరిష్కర్తకు కవి స్వహస్త ప్రతి సాధారణంగా లభించదు, ఉన్న ప్రతుల నుంచి దాన్ని ఊహించాలి. ఇంజనీరుకు మూల ఫైలు చేతిలోనే ఉంటుంది. పైగా అతనికి గ్రంథం వెలుపల మరో సాక్ష్యం కూడా ఉంది. నిజమైన కారును నిజమైన గోడకు ఢీకొట్టిన పరీక్ష ఫలితమే అది. ఇన్ని సాక్ష్యాలు అందుబాటులో ఉండి కూడా పోల్చకపోవడం క్షమార్హం కాదు.

8. రాయలసీమ సందర్భం:

ఈ విద్యకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అన్న అభిప్రాయం ఉంది. నేడు పరిస్థితి కొంత మారింది. ఎల్‌ఎస్-ప్రీపోస్ట్ ఉచితంగా లభిస్తుంది. 2022 సెప్టెంబరులో ఆల్టెయిర్ సంస్థ రాడియోస్‌ను ‘ఓపెన్‌రాడియోస్’ పేరుతో బహిరంగ మూలంగా విడుదల చేసింది. అది ఎల్‌ఎస్-డైనా కీవర్డ్ ఫైళ్లను కూడా నేరుగా చదవగలదు. అయినా అది లోపల చేసేది అనువాదమే కనుక పై పరీక్షల అవసరం తీరిపోదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ సహకారంతో జార్జి వాషింగ్టన్, జార్జి మేసన్ విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలు రూపొందించిన 2010 టొయోటా యారిస్ వంటి కార్ల నమూనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మానవ శరీర నమూనా అయిన ‘థమ్స్’ను టొయోటా 2021 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2015లో మొదలైన కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం, జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కళాశాల, పులివెందులలోని జేఎన్‌టీయూ కళాశాల వంటి సంస్థలున్న ప్రాంతమిది. ఈ వనరులతో ఇక్కడి విద్యార్థి తన గదిలోనే అభ్యాసం ప్రారంభించవచ్చు.

ఈ అభ్యాసానికి ప్రయోజనం ఏమిటి? మన దేశంలో కార్లకు సేఫ్టీ స్టార్‌లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో ముందువైపు పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. చట్టబద్ధమైన కనీస పరీక్ష వేగం 56 కిలోమీటర్లు. తేడా 8 కిలోమీటర్లే అయినా గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఢీకొనే శక్తి సుమారు 30 శాతం పెరుగుతుంది. పెద్ద బస్సులు బోల్తాపడినప్పుడు ప్రయాణికుల చుట్టూ కనీస చోటు మిగలాలని చెప్పే ఏఐఎస్-031 ప్రమాణంలో, నిజమైన పరీక్షతో పాటు లెక్క ద్వారా నిరూపించే మార్గానికీ చోటుంది. అంటే ఒక బస్సు రోడ్డెక్కడానికి ఆధారమయ్యే సాక్ష్యాలలో కంప్యూటరు నమూనా కూడా ఒకటి కావచ్చు. అటువంటప్పుడు జారిపోయిన ఒక వెల్డింగు బంధనం కేవలం ఫైలులోని దోషంగా మిగలదు.

ఈ విద్య పరిధిని కూడా గుర్తించాలి. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ఒక ప్రైవేటు స్లీపర్ బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. మంటల వ్యాప్తి, బయటపడే మార్గాలు, డ్రైవర్ల నియంత్రణ, రహదారి నిర్వహణ వంటివి లోహం నలిగే తీరును చెప్పే లెక్కలోకి రావు. నమూనా తాను జవాబు చెప్పగల ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న ఏదో స్పష్టంగా రాసి ఉంచడం కూడా పాఠ పరిష్కర్త రాసే పీఠిక వంటి బాధ్యతే.

9. ముగింపు:

పై వివరణ నుంచి తేలిన అంశాలు ఇవి.

* క్రాష్ సిమ్యులేషన్ నమూనా ఫైలు ఒక లిఖిత పాఠం. అందులో అంకెకు అర్థం దాని స్థానం, శీర్షిక, కొలమానం అనే మూడింటిని బట్టి ఏర్పడుతుంది.

* ఫైలు తెరుచుకోవడం, అర్థం కావడం వేర్వేరు. మార్పిడిలో ఆకారం ముందుగా, సులువుగా దాటుతుంది. స్వభావం, సంబంధం అనే అంతస్తులను విడిగా పరీక్షించాలి.

* లోపించిన ఇన్‌క్లూడ్ ఫైలుకు గ్రంథపాతం, సాధనం చేర్చిన సహజ విలువకు ప్రక్షిప్తం, గది మారిన అంకెకు లేఖక దోషం అన్న పదాలు సార్థకంగా సరిపోతాయి. ఇవి ఆంగ్ల పదాలకు కొత్తగా కూర్చిన సమానార్థకాలు కావు. తెలుగు పండిత సంప్రదాయంలో ఇప్పటికే నలిగిన భావనలు.

* లెక్కింపు, తూకం, తొలి గతిశక్తి, శక్తి సమతుల్యం, చిన్న పరీక్ష అనే ఐదు మెట్ల క్రమం మార్పిడిలోని మౌన దోషాలను బయటపెడుతుంది.

* తెలుగు శాఖల అధ్యాపకులు, ఇంజనీరింగ్ అధ్యాపకులు కలిసి ఇటువంటి ప్రక్రియలకు తెలుగు కరదీపికలు తయారుచేయడానికి కర్నూలు, కడప ప్రాంతాలు అనువైనవి. ఒకరి దగ్గర పాఠాన్ని అనుమానించే శిక్షణ ఉంది. మరొకరి దగ్గర ఆ అనుమానాన్ని లెక్కతో తీర్చే సాధనం ఉంది. 44వ నంబరు రహదారి మీద రాత్రి ప్రయాణం చేసే మనిషికి ఆ రెండూ అవసరమే.